నేలక్లాసులో పడుగు

పోయిన వారం మనం ఆండాళును మల్లప్ప టాకీసు జనానా తలుపు దగ్గర బిత్తరచూపులు చూస్తుండగా వదిలేశాం. మనకేం, వారమంతా హాయిగా తిని పడుకున్నాం. ఆ పిల్లకు మాత్రం ఊపిరి తీసుకునే సందు కూడా దొరకలేదు. గేటు ముందు ఎడ్లబండి ఆగింది. బండి నిండా కొత్త బెంచీలు. ఆ బెంచీలు దిగాల్సిన నేలక్లాసులోనేమో ఆమె మామ గండయ్య తెల్లారగట్లే మగ్గానికి ఎక్కించే నూలు పడుగు చాపి గంజి పెట్టుకున్నాడు.

"బెంచీలొస్తున్నయి, ఇగ రేపటి సంది హాలుల పడుగులు బంద్ అని మీ మామకు చెప్పు" అని టాకీసు యజమాని వీరేశం సేటు నిన్ననే ఆమెతో అన్నాడు. ఆమె చెప్పలేదు. మరిచిపోయి కాదు. రాత్రి ముసలాయన అన్నం కలుపుకుంటూ, సోలాపూరు మిల్లుకు పోయిన తన కొడుకు, ఆమె మొగుడు రాజం సంగతి ఎత్తి, కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోకుండా కూర్చున్నాడు. ఆ మనిషికి ఈ మాట చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. పొద్దున హాలు తలుపు తీసిచ్చింది కూడా తనే. టాకీసులో జనానా టికెట్లు తీసుకునేదీ, దీపాలు ఆరగానే ఆడవాళ్ల ముందున్న పరదా లాగేదీ ఆండాళే కాబట్టి తలుపు ఆమె చేతిలోదే.

సినిమా హాలులో పడుగేమిటని కొత్తగా చదివేవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. వేసుకోవలసిన సంగతే. రజాకార్ల గడబిడ సద్దుమణిగి, వాళ్ల పేరు చెప్పి పిల్లల్ని పడుకోబెట్టడం మానేసిన రోజుల్లో, నల్లగొండ గడియారం వెనకవైపు మల్లప్ప సేటు డేరా వేసి బొమ్మలు ఆడించేవాడు. ఒక గాలివానకు డేరా లేచిపోయి ఎవరి చేనులోనో పడింది. ఇక పక్కా హాలు కట్టాలనుకున్నాడు. బజారుకు దగ్గరలో అంత పొడుగు జాగా ఒక్కటే ఉంది, సాలెవాడ వాళ్లు పడుగులు చాపుకునే మైదానం. పెద్దలు కూర్చున్నారు, చుట్టలు కాల్చారు, కాగితం కలం ఏమీ లేకుండా ఒక మాట అనుకున్నారు. వానాకాలం పొద్దుటిపూట హాలు పడుగులది, పగటాట నుంచి సేటుది. అందుకే నేలక్లాసులో బెంచీలు వేయలేదు. జనం ఇసుక మీద కూర్చుని బొమ్మ చూసేవాళ్లు, పొద్దున్నే ఆ ఇసుకను పక్కకు ఊడ్చి సాలెవాళ్లు పడుగు చాపుకునేవాళ్లు.

ఇంకొక తమాషా కూడా జరిగింది. పడుగు పట్టాలి కదా అని మేస్త్రీ చేతికి కొలతకు పడుగు తాడే ఇచ్చారు. ఆయన బుద్ధిమంతుడు, తాడు ఎంతుంటే గోడ అంత లేపాడు. హాలు రైలుడబ్బాలాగా పొడుగ్గా, సన్నగా తయారైంది. వెనక కుర్చీల్లో కూర్చున్న వకీళ్లకూ దేశ్‌ముఖులకూ తెర మీది అమ్మాయి మొహం అరచేయంత కనిపించేది. ముందర నేల మీద కూర్చున్న రిక్షావాడికి ఆమె కంట్లో నీటిచుక్క కూడా తెలిసేది. ఊరంతా ఈ సంగతి చెప్పుకుని నవ్వేది, మల్లప్ప కూడా నవ్వేవాడు. ఆ నవ్వే మనిషి నిరుడు పోయాడు. ఇప్పుడున్నది కొడుకు వీరేశం. హైదరాబాదులో చదివొచ్చాడు, చెడ్డవాడేం కాదు, కాకపోతే తొందర మనిషి.

ఆ తొందర మనిషి ఇప్పుడు తడిసిన గొడుగు మడుస్తూ లోపలికొచ్చాడు. వచ్చి, హాలు ఈ కొస నుంచి ఆ కొస దాకా నడుమెత్తున బిగించి ఉన్న తెల్లటి పడుగును చూశాడు. చెరో పక్క గండయ్య, పొరుగింటి గాలయ్య కుంచెలతో దారాలను దువ్వుతూ నడుస్తున్నారు. పైన రేకుల మీద ముసురు చప్పుడు. బయట మైకులో రికార్డు పాట. అంగడి రోజు కావడంతో గేటు దగ్గర జనం అప్పుడే కిక్కిరిసి ఉన్నారు.

"గండయ్యా, గిదేంది? నిన్ననే కబురు చెప్పి పంపితి గద!"

గండయ్య నడక ఆపలేదు. గంజి పెట్టిన పడుగు మీద కుంచె ఆగడానికి లేదు. ఆరేదాకా ఈ కొస నుంచి ఆ కొసకు దువ్వుతూనే ఉండాలి. ఆపితే పోగుకు పోగు అంటుకుని మొత్తం పడుగు గడ్డకట్టి పోతుంది, దాన్ని ఇక మగ్గానికి ఎక్కించలేరు. ముసురులో ఆరడం మరీ ఆలస్యం. అందుకని ముసలాయన వీరేశానికి వీపు చూపిస్తూనే ఆ కొసకు పోయి, తిరిగి వస్తూ అడిగాడు.

"ఏం కబురు సేటూ? నాకెవ్వలు చెప్పలే."

వీరేశం ఆండాళు వంక చూశాడు. ఆమె మామ దిక్కు ఒక అడుగు వేసింది.

"సేటు చెప్పమన్నడు మామా. నేనే చెప్పలే."

గండయ్య ఆమె పక్కనుంచే నడిచిపోయాడు. కోప్పడితే బాగుండుననిపించింది ఆమెకు. ఆయన ఒక్క మాట అన్నాడు.

"చెప్తె నేను పండుకునేటోణ్ని కాదు బిడ్డా. మంచిగనే చేసినవ్."

"నువ్వు పండుకున్నవా లేదా అని నేనడుగుతలేను" అన్నాడు వీరేశం. మాట్లాడాలంటే ఆయన కూడా ముసలాయన వెంట నడవాల్సి వచ్చింది. "బెంచీలు లేకుంటె లైసెన్సు ఇయ్యం అని సర్కారోళ్లు ఖరారుగ చెప్పిన్రు. రేపు చూసిపోతందుకు వస్తున్నరు. పగటాటకు మంది నిలబడ్డరు, వానల తడుస్తున్నరు. పొద్దుగూకంగనే బొమ్మ రీళ్ల పెట్టె పాలమూరు బస్సుల పోవాలె. నేనేం జెయ్యాలె, నువ్వే చెప్పు!"

"మీ నాయిన మాట ఇచ్చిండు."

"మా నాయిన లేడు గద ఇప్పుడు!"

"నేనున్న గద" అన్నాడు గండయ్య. "మాట ఇచ్చినాయన పోయిండు. తీసుకున్నోణ్ని నేను బతికే ఉన్న."

అవతలి పక్క నుంచి గాలయ్య అందుకున్నాడు. గాలయ్యకు మాట అందుకోకపోతే ఆ పూట తిన్నది అరగదు. "మా జాగల హాలు కట్టుకొని, మమ్ములనే పొమ్మంటున్నవా సేటూ? రేపు మా ఇండ్లళ్ల గూడ టికెట్లు అమ్ముతవా?"

వీరేశానికి ఎర్రటి కోపం వచ్చింది. బయటికి తిరిగి, బెంచీలు దింపమని కూలీలను కేకేశాడు. ఇద్దరు ఒక బెంచీ భుజాన వేసుకుని తలుపులోంచి వచ్చి, పడుగు చూసి గతుక్కుమన్నారు. బెంచీ వేయాలంటే పడుగు దాటి పోవాలి. తడి పడుగును దాటడానికి ఆ చుట్టుపక్కల ఏ మనిషికీ ధైర్యం చాలదు. అది ఎవరి ఇంట్లోనో పొయ్యి మీది కుండను తన్నినట్టే లెక్క. సేటు మళ్లీ అరిచాడు. ముందున్నవాడు తల అడ్డంగా ఊపి, "ఆరినంక ఏస్తం సేటూ" అని బెంచీ గోడకు ఆనించి, దాని మీదే కూర్చున్నాడు.

అంత గొడవలోనూ ఆండాళుకు నవ్వొచ్చింది, కొంగు అడ్డం పెట్టుకుంది. వీరేశం ఆ నవ్వు చూశాడు. ఎందుకోగాని ఆయన కోపం కూడా అక్కడే కొంచెం కుంగింది. చేతిరుమాలుతో మెడ తుడుచుకుని, గొంతు తగ్గించాడు.

"సరె, ఇను గండయ్యా. నేను మీ నోటికాడి బుక్క గుంజుకుంటందుకు రాలే. హాలు ఎనక, గోడకవతల జాగ ఖాళీగనే ఉన్నది గద. మీ పెద్దలే మా నాయినకు కలిపిచ్చిన్రు దాన్ని గూడ. గాడ రేకులు ఏపిస్త. వానకాలమే కాదు, ఏడాది పొడుగుత మీరే చాపుకోన్రి. అడిగేటోడు ఉండడు. కాగితం కావాల్నంటె కాగితమిస్త. హాలు మాత్రం నాకు ఇడువున్రి."

గండయ్య నడుస్తూనే తలెత్తి వెనక గోడవైపు చూశాడు. ముసలాయన మొహంలో వెలుగు రావడం ఆండాళుకు స్పష్టంగా కనిపించింది.

ఏడాది పొడుగునా పడుగు చాపుకునే జాగా ఉంటే మగ్గం ఏ కాలమూ ఆగదు. మగ్గం ఆగకపోతే రాజం సోలాపూరులో పొగ మింగుతూ ఉండాల్సిన పని లేదు. ఆయన కూర్చునే మగ్గం గుంటలో ఇప్పుడు కోడి పొదుగుతోంది. రోజూ పొద్దున ఆ కోడిని చూసినప్పుడల్లా ఆమెకు ఏడుపొచ్చేది. దసరా దాకా ఆగక్కర లేదు, రేపే జాబు రాయించొచ్చు, వచ్చెయ్యమని. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయనతో ఒక్క బొమ్మ కూడా కలిసి చూడలేదు. ఆయన అటు మగవాళ్లలో, ఈమె ఇటు పరదా పక్కన. అదైనా ఫరవాలేదు, ఒకే హాలులో ఉంటారు కదా.

"సేటూ, గా జాగ ఇయ్యకు."

అన్నది జానమ్మ. టాకీసు తెరిచిన నాటి నుంచి నేలక్లాసు ఊడ్చే మనిషి. తెర కింద ఇసుక కుప్ప చేస్తున్నదల్లా చీపురు పట్టుకునే ముందుకొచ్చింది. ఆమె హాలులో అంత గట్టిగా మాట్లాడడం ఇంతవరకు ఎవరూ వినలేదు. కూలీలు కూడా మెడలు తిప్పారు.

"నీకేమొచ్చింది నడుమ?" అన్నాడు గాలయ్య.

"అవి మా ఇండ్లు ఉన్న జాగలు" అంది జానమ్మ. చీపురుతో వెనక గోడ చూపించింది. "గోడ ఎనక మా వాడ ఉండె. మా యోహాను కట్టిన ఇల్లు గాన్నే ఉండె. గడబిడల పిల్లలను సంకనేసుకొని మేమందరం బెజవాడ దిక్కు పోయినం. మర్లొస్తె ఇండ్లు లెవ్వు. రజాకార్లు కాలబెట్టిన్రు అన్నరు. ఈ జాగ మాది అని సాలెవాడోళ్లు అన్నరు. యోహాను ఆ ఫికరుతోనే పోయిండు. నేను ఇన్నేండ్లు పానగల్లు తొవ్వల ఒకల ఇంటి ముంగటి సాయబాన్ల, రేకుల కింద కిరాయికుంటున్న. ఖాళీగున్నన్ని దినాలు నోరు మూసుకున్న. ఎన్నడన్న ఒకనాడు గుడిసె ఏసుకుంటనేమో అని చూసిన. ఇప్పుడు మీరు మీరు పంచుకుంటుంటె ఎట్ల ఊకుంట?"

వీరేశం తెల్లబోయాడు. "అది పడుగుల జాగనే అని మా నాయినకు చెప్పిన్రు."

"పడుగుల జాగనే!" గాలయ్య అరిచాడు. "గాడ ఎన్నడు ఇండ్లు లెవ్వు. పుట్టినకాడికెల్లి చూస్తున్న నేను. సేటు దయదలిచి ఇస్తుంటె నడుమల పుల్ల పెడుతున్నది."

"నా మాట నమ్మకున్రి" అంది జానమ్మ. "ఆండాళమ్మను అడుగున్రి. ఆమె తల్లిగారిల్లు మా వాడ పక్కనే ఉండె. మా వాకిట్ల ఆడుకున్న పిల్ల."

గండయ్య చేతిలో కుంచె ఆగింది.

ఆగడం ఎవరూ గమనించినట్టు లేదు, ఆండాళు గమనించింది. పడుగు మీద తడి మెరుపు కదలకుండా నిలిచిపోయింది. ఇంకొంచెం సేపైతే దారాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఇంట్లో రేపటి గింజలు ఈ పడుగు మీద వచ్చే చీరలను నమ్ముకునే ఉన్నాయి. ఆడవాళ్లు నూలు వడుకుతారు, ఆసు పోస్తారు, కండెలు చుడతారు గాని కుంచె పట్టరు. అది ఆలోచించే తీరిక ఆమెకు లేదు. పరుగున పోయి మామ చేతిలోంచి కుంచె తీసుకుని దువ్వడం మొదలుపెట్టింది. గాలయ్య ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసి, అలవాటు కొద్దీ అవతలి పక్క తనూ కదిలాడు.

"చెప్పు ఆండాళమ్మా" అన్నాడు వీరేశం. "ఇండ్లు ఉండెనా?"

ఆమె దువ్వుతూనే నడిచింది. కుంచె ఆమె అనుకున్నదానికంటే బరువుగా ఉంది. గండయ్య పక్కకు జరిగి నిలబడి ఆమెనే చూస్తున్నాడు. జానమ్మ కూడా ఆమెనే చూస్తోంది.

ఉన్నాయి. ఎందుకు లేవు? జానమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉడుకుడుకు జొన్నరొట్టె మీద నూరిన పచ్చికారం వేసుకుని తిన్నది తను. ఆ సంగతి తెలిసి అమ్మ వీపు మీద రెండు వేసి, బావి దగ్గర తల మీదుగా నీళ్లు గుమ్మరించింది. ఏడుస్తూ మళ్లీ మరునాడు పోయింది. తరవాత గడబిడ వచ్చింది, జానమ్మ వాళ్లు పోయారు. కొన్నాళ్లకు చూస్తే ఆ వాడ చదునుగా ఉంది. ఏమైందని ఎవరినీ అడగలేదు. పిల్ల కదా, అప్పుడు అడగలేదంటే సరే. పెద్దయ్యాక కూడా అడగలేదు. రోజూ జానమ్మతో కలిసి ఇదే హాలులో మధ్యాహ్నం గంజి తాగుతూ, కష్టం సుఖం చెప్పుకుంటూ, ఆ ఒక్క మాట మాత్రం ఎత్తలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

లేవు అంటే చాలు. నాకు గుర్తులేదన్నా చాలు. రేకులు పడతాయి, మగ్గం గుంటలోంచి కోడిని లేపేస్తారు, రాజం వస్తాడు. జానమ్మ మాట ఎవరు పట్టించుకుంటారు? ఇన్నేళ్లు ఎవరు పట్టించుకున్నారు గనక?

ఆ కొసకు పోయి తిరిగింది. బయట రికార్డు అయిపోయింది. జనం ఈలలు వేస్తున్నారు, ఎవరో తలుపు దబదబ బాదుతున్నారు.

"బొమ్మ పడ్తదా పడదా?" అని బయట ఒక గొంతు.

"ఉండె మామా" అంది ఆండాళు. వీరేశంతో కాదు, గండయ్యతోనే అంది. "ఇండ్లు ఉండె. నేను ఆమె ఇంట్ల రొట్టె తిన్న. ఆ జాగ మనది కాదు."

గాలయ్య కుంచె నేలకేసి కొట్టాడు. "ఇంటి మనిషివై ఇంటికి నిప్పు పెడ్తివి గదనే! ఇగ నీ మొగడు సోలాపూరులనే సావనీ!" అని విసవిసా పోతూ కూలీల మీద చిరాకు పడి, బెంచీకి కాలు తగిలించుకుని, దాన్ని కూడా తిట్టి తలుపు తీసుకుని పోయాడు.

ఆ మాట ఆండాళు విన్నది. అయినా నడక ఆపలేదు. అవతలి పక్క దువ్వేవాళ్లు లేరు. జానమ్మ చీపురు గోడకు ఆనించి, చేతులు కొంగుకు తుడుచుకుని, కింద పడ్డ కుంచె తీసింది. తీసి, అడగాలా వద్దా అన్నట్టు గండయ్య మొహంలోకి చూసింది. ఎప్పుడూ ఎవరూ ఆమెను పడుగు అంటుకోనివ్వలేదు. గండయ్య చూపు దించుకున్నాడు. కాదని మాత్రం అనలేదు. ఆండాళే, "పట్టు జానమ్మా, నేనెట్ల పోతె అట్ల రా" అంది. ఇద్దరూ చెరో పక్క కదిలారు.

వీరేశం తల పట్టుకుని బెంచీ మీద కూలీల పక్కన కూర్చున్నాడు. హైదరాబాదులో చదివిన ఏ చదువూ ఆయనకు ఇటువంటి పొద్దు వస్తుందని చెప్పలేదు.

గండయ్య కోపం లేని గొంతుతో అన్నాడు. "నువ్వు అబద్ధమాడలే బిడ్డా. ఇండ్లు ఉండె. నాకు దెల్వదా? ఇండ్లున్నయి అన్న మాట చెప్పినవు. మరి ఏమైనయో గూడ తెలుసుకో. వాటిని రజాకార్లు కాలబెట్టలే."

ఆండాళు తల తిప్పింది. "మరెవలు మామా?"

"మనమే కూలగొట్టినం. వాళ్లు ఇగ మర్లి రారనుకున్నం. పడుగుల జాగ చాలక అవస్థ పడుతుంటిమి. గడ్డపార పట్టుకొని ముందల నడిచినోడు మీ బాపు. ఎనక పోయినోళ్లల్ల నేనున్న. మొదటి గోడ ఆయన పడగొట్టిండు, రెండోది నేను. ఆయన ఈ ఊరు ఇడిచి మోత్కూరు ఎందుకు పోయిండనుకున్నవు? నిన్ను నా కొడుక్కు ఇచ్చినంక ఒక్కనాడన్న ఈ వాడల నిద్ర చేసిండా?"

బాపు. పండక్కి పిలిచినా రాని బాపు. కూతుర్ని చూడాలనిపిస్తే బస్టాండుకే పిలిపించుకుని, అక్కడే చేతిలో అటుకుల మూట పెట్టి, అదే బస్సులో తిరిగిపోయే బాపు. అత్తగారింటి మీద అలిగాడనుకుంది ఇన్నేళ్లూ. ఆండాళు అటు తిరిగింది. పడుగు అవతల జానమ్మ తలెత్తకుండా దువ్వుతోంది.

"నీకు తెలుసా జానమ్మా?"

"తెలుసు."

"ఎప్పటిసంది?"

"మొన్న ఐతారం సంది." జానమ్మ కూడా నడక ఆపలేదు. "మీ బాపు నా సాయబానుకు వచ్చిండు. లోపటికి రమ్మంటె రాలే. వాకిట్ల మట్టిల కూసున్నడు. కూసోని అంత చెప్పిండు, మొగోడు గట్ల ఏడ్వంగ నేనెన్నడు చూడలే. నా బిడ్డకు నువ్వు చెప్పకు, నేనే చెప్పుకుంట అన్నడు. అందుకనే నీకు చెప్పలే. సాలెవాడ పెద్దలందరి ముంగట, సేటు ముంగట ఒప్పుకుంట, నీ జాగ నీకిప్పిస్త అన్నడు."

"ఎప్పుడు?"

"అంగడినాడు అందరు దొరుకుతరు, పగటాట యాళ్లకు వస్త అన్నడు." జానమ్మ గొంతు తగ్గించింది. "గీయాలనే ఆండాళమ్మా. పొద్దటి బస్సుకే దిగిండు. నేను చూసిన. బయట, గేటు కాడ వానల నిలబడ్డడు. గాలయ్య గాడికే పోయిండు."

గేటు దగ్గర ఈలలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. గుంపులోంచి గాలయ్య అరుపు ఒక్కటే వినిపించింది. వెంటనే చాలా గొంతులు ఒక్కసారిగా లేచాయి. గండయ్య తలుపువైపు రెండడుగులు వేసి ఆగాడు. వీరేశం లేచి నిలబడ్డాడు. ఆండాళు కుంచె మాత్రం వదల్లేదు. వదిలితే ఆ తలుపు దాకా పోవాల్సి వస్తుంది, పోతే బాపు మొహం చూడాల్సి వస్తుంది.